కనుమ కింద గేటు

స్కాట్లాండ్ కొండల్లో ఒక గ్లెన్, అంటే సన్నటి లోయ. కింది లోఖ్ సరస్సు ఒడ్డున వ్యాన్ ఆపి పక్కదారిన ఎక్కి వచ్చిన ఇష్‌బెల్, ఆమె మరిది స్ట్రూవన్, సైకిళ్ల దారికి అడ్డంగా మూసి ఉన్న ఇనుప గేటు ముందు నిలబడ్డారు. రాత్రంతా కురిసిన వాన అప్పుడే వెలిసింది.

"ముట్టుకోకు వదినా. నీకు దండం పెడతా, ముట్టుకోకు."

"ఎందుకు ముట్టుకోకూడదు? నిన్న సాయంత్రం ఇది బార్లా తెరిచి ఉంది. నేనే చూశాను."

"నిన్న సంగతి నిన్న. ఇవాళ మూసుంది. మూసిన గేటు మూసే వదలాలి, తెరిచిన గేటు తెరిచే వదలాలి. నడక రాకముందే నేర్పారు కదా మనకి. మా తాతైతే చెవులు పిండేవాడు."

"మీ తాత సంగతి తర్వాత. మీ అన్న కనుమ మీద ఉన్నాడు. ఇంకాసేపట్లో సైకిలెక్కి దిగుతాడు. ఆ బండ మలుపు దాటాక గేటుకి ఎంత దూరం? నువ్వే చెప్పు."

"ఎంతో లేదు."

"ఎంత?"

"రెండు బస్సుల పొడుగు. అంతే."

"ఆపగలడా?"

"ఈ బురదలోనా? ఎవడూ ఆపలేడు."

"మరి?"

"మరి అంటే... ఫోన్ చెయ్."

"ఈ గ్లెన్‌లో ఫోన్ ఏనాడు పలికింది, నీ మొహం!"

"వాకీటాకీ ఉందిగా?"

"వ్యాన్‌లో పడేసి పోయాడు మహానుభావుడు. బరువట! శనివారం సైకిల్ పోటీ కదా, ఈలోపు ఎంత వేగంగా దిగగలడో చూసుకోవాలట. జేబులో బిస్కెట్లు కూడా తీసి నా చేతిలో పెట్టాడు."

"రూరి అంతే. పోయినేడు భుజం విరిగినా బుద్ధి రాలేదు."

"ఆ భుజం మానేదాకా మూడు నెలలు చెంచాతో గంజి తాగించింది నేను. ఇంకోసారి నావల్ల కాదు స్ట్రూవన్. నిజంగా కాదు."

"సరే, సరే. నేను పైకి పరిగెడతా. మలుపు అవతల నిలబడి చేతులూపుతా. గేటు ఇలాగే ఉండనీ."

"ఆ సందులోనా? ఇటు బండ, అటు లోయ. నిన్ను గుద్దేసి ఇద్దరూ కలిసే పోతారు."

"ఇంకా ఈల వెయ్యలేదుగా? బయలుదేరే ముందు మూడు ఈలలు వేస్తాడు. ఈలోపు మలుపు దాటి పైకి ఎక్కేస్తా."

"ఎక్కేలోపు వేస్తే?"

"వదినా, ఒక్కమాట విను. ఇది దారిన పోయేవాడు మూసిన గేటు కాదు. ఈ తాడు చూడు. గడ్డిమోపులకి కట్టే నీలం తాడు. ఒక ముడి, దాని మీద ఇంకో ముడి, దాని మీద మళ్లీ ఒకటి. కావాలని కట్టారు."

"కావాలనే కట్టాడు. ఈ మేతభూముల ఆసామి, ఆ ఫెరహర్ ముసలాడు."

"ఛ! ఆయనెందుకు కడతాడు? శనివారం దాకా తెరిచే ఉంచుతానని మాటిచ్చాడుగా."

"ఇచ్చాడు. నేను వాళ్ల వంటింట్లో కూర్చుని, చేసుకెళ్లిన కేకు ముందు పెట్టి, బతిమాలితే ఇచ్చాడు. కేకు తిన్నాడు, మాట మింగాడు."

"ఆయన మాట తప్పడు. నాకు తెలుసు."

"మాట తప్పాడని నీ కళ్ల ముందే తాడు వేలాడుతోంది, ఇంకా వెనకేసుకొస్తావేంట్రా? వసంతంలో ఎవరో కుర్రాళ్లు సైకిళ్లతో ఈయన గొర్రెల మధ్యలోంచి దూసుకుపోయారు. అప్పట్నుంచి మనందరి మీదా కక్ష పెట్టుకున్నాడు."

"ఆ కుర్రాళ్లని పట్టుకుని తిట్టాడు. అంతేగానీ గేటుకి మనిషి గుద్దుకుని చావాలని కోరుకుంటాడా? ఏదో కారణం ఉంటుంది."

"ఏం కారణం? అటు చూడు. గొర్రె ఉందా?"

"లేదు."

"ఆవు? దూడ?"

"లేదు."

"మరి దేన్ని ఆపడానికి కట్టాడు?"

"అదే నేనూ అడుగుతున్నా. దేన్ని ఆపడానికి అని."

"నా మొగుణ్ని! ఇంకేముంది?"

"కొంచెం నెమ్మదిగా ఆలోచించు..."

"ష్!"

"ఏంటి?"

"విన్నావా?"

"పిట్టేమో."

"పిట్ట కాదు. ఒకటి..."

"వదినా..."

"రెండు... మూడు. వేసేశాడు. స్ట్రూవన్, బయలుదేరాడు!"

"దేవుడా! రూరీ! ఆగరా! రూరీ!"

"హెల్మెట్‌లో ఏం వినిపిస్తుంది? కత్తి తియ్!"

"సంచీలో ఉంది."

"సంచేదీ?"

"వ్యాన్‌లో."

"అన్నదమ్ములిద్దరికీ ఆ వ్యానొక్కటే దిక్కు! పట్టుకో ఆ కొస. లాగు."

"నానిపోయింది. ముడి కదలట్లేదు."

"పళ్లతో లాగు."

"నువ్వు జరుగు... థూ! రావట్లేదు వదినా, రావట్లేదు!"

"తాడొదిలెయ్. ఇటు రా. బందుల వైపు. గేటునే పైకెత్తి ఊడదీద్దాం."

"పరాయివాడి గేటు ఊడదీస్తామా?"

"మీ అన్న శవాన్ని మోస్తావా, గేటు మోస్తావా?"

"ఎత్తు. కింద కడ్డీ పట్టుకో. ఒకటి, రెండు, ఊఁ!"

"కదిలింది! మళ్లీ!"

"ఊఁ! వేలు... నా వేలు!"

"వేలు తర్వాత! అదుగో వెనక చక్రం గీ పెడుతోంది, విను. మలుపు దగ్గరికి వచ్చేశాడు. ఎత్తరా నాయనా, ఎత్తు!"

"వచ్చింది! ఊడింది! అటు తొయ్, దారి పక్కకి!"

"పడు! పక్కకి పడు!"

"హోయ్ ఇష్‌బెల్! చూశావా నన్ను!"

"పోయాడు."

"పోయాడు వదినా. మట్టంతా నా మొహాన కొట్టి పోయాడు."

"ఏ దెబ్బా తగల్లేదు కదా? నువ్వు చూశావు కదా?"

"దెబ్బా? నవ్వుతూ పోయాడు. ఆ వేగం ఏంటసలు! శనివారం వీణ్ని ఎవడూ పట్టుకోలేడు."

"శనివారం సంగతి దేవుడెరుగు. ఇవాళ బతికాడు."

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"నాకే తెలీదు. కింద వ్యాన్ దగ్గరికి వెళ్లగానే మీ అన్నని ముందు కావలించుకుంటా. తర్వాత చెంప పగలగొడతా."

"నా వాటాకి ఒక చెంప ఉంచు. వేలు వాచిపోతోంది."

"ఇలా తే, చూడనీ. అయ్యో... ఆగు. ఏంటా మోత?"

"నాలుగు చక్రాల మోటారు బండి. మనమొచ్చిన పక్కదారిలోంచే వస్తోంది."

"ఫెరహర్! రానీ. ఇవాళ ఆయన సంగతి నేను చూస్తా."

"మెల్లిగా మాట్లాడు వదినా. పెద్దాయన. గేటు కూడా మనమే పీకాం."

"ఎవరది? గేటెవరు పీకారు?"

"నేనే ఫెరహర్ మామా! నేనే పీకాను. మాటిచ్చి ముడేస్తావా? నా చేతి కేకు తిన్న నోటితోనే కదా సరేనన్నావు! నా మొగుడు దీనికి గుద్దుకుని ఉంటే ఏం చేసేవాడివి?"

"అమ్మాయ్, అరవకు. ముందు ఒక్కటి చెప్పు. ఇటు ఎవరైనా దిగారా?"

"దిగకేం? గాలిలా దిగాడు! నీ మూడు ముళ్లూ ఆయన్ని ఆపలేకపోయాయి."

"ఎవరు? రూరియా? పోటీ శనివారం కదమ్మా!"

"పోటీ శనివారం. వేగం చూసుకోవడం ఇవాళ. ఏం, నీ అనుమతి కావాలా?"

"ఎంతసేపైంది?"

"ఇప్పుడే. అలా వెళ్లాడు, నువ్విలా వచ్చావు."

"అయ్యో, దేవుడా!"

"మామా, ఏంటలా కిందికి చూస్తావు?"

"వదినా, నువ్వాగు. మామా, ఏమైంది? ఆ బండిలో బోర్డులేంటి?"

"పైన కనుమలో పాతుదామని తెస్తున్నాను నాయనా. ఇంటికి పోయి ఇవి తెచ్చేలోగా ఎవరూ దిగకూడదని గేటు కట్టి పోయాను... ఈ సైకిళ్ల దారిలో కింద చెట్ల వెనక ఉండే వంతెన ఇప్పుడు లేదు. తెల్లారేసరికే వాగు పట్టుకుపోయింది."