శౌరయ్య పక్కన చోటు

అట్టా అలగమాక. ఆరు నెలల్నించీ ఒక్కసారన్నా తొంగిచూళ్లేదని నీకు కోపం, తెలుసు. నీ మీద ప్రేమ లేక కాదయ్యా, ఇక్కడికి రావాలంటే కాళ్లాడలేదు. ఇవ్వాళ సమాధుల పండగ, ఊరంతా కొవ్వొత్తులు పట్టుకొచ్చింది. ఈ మార్త రాకపోతే నలుగురూ ఏమనుకుంటారని వచ్చా.

నీ పక్కన మట్టి సంగతేగా అడుగుతున్నావు? చెప్పనీ. నువ్వు పోయిన్నాడే ఆ చోటు నాకని గుంటలు తవ్వే అంతోనికి చెప్పి పెట్టుకున్నా. ఇప్పుడందులో వేరే ఆడకూతురుంది. నీతో ఒక్క మాటన్నా అనకుండా ఇచ్చేశా. తిట్టుకుందువుగాని, ముందు విను.

కిందటేడు దీపావళి వెళ్లాక మన బడ్డీకొట్టు ఎదురు ఇటుకబట్టీలోకి కొత్త జట్టు దిగింది. బెంగాలీ మాట. మన బెంగాలో, అవతలి దేశమో, నాకేం తెలుసు? మేస్త్రీ మాత్రం ఒరిస్సా వాళ్లనే చెప్పేవాడు. వాళ్లలో ఓ పిల్ల, ఇరవై ఉంటాయేమో, మధ్యాన్నం పూట వచ్చి చింతపండు వైపు వేలు చూపించేది. నోట్లోంచి మాట వచ్చేది కాదు.

ఓ రోజు నా పొట్ట మీద చెయ్యేసుకుని, "కడుపా?" అని అడిగా. నవ్వి తల దించుకుంది.

మనకా పిల్లల్లేరు. నాకెందుకో ఆ నవ్వు పట్టుకుంది. చింతపండు ఇంకాస్త ఎక్కువ పెట్టా.

మీ అన్న కూతురు డయానా ఆశా వర్కరు గదా, దాని చెవినేశా. పాపం వెంటనే బట్టీకెళ్లింది. మేస్త్రీ ఆడవాళ్లందర్నీ ఇటుకల వరస వెనక్కి తోలేసి, "ఇక్కడ కడుపుతో ఎవరూ లేరమ్మా" అన్నాడంట. పేరు రాస్తే కాగితాలడుగుతారు, కాగితాలడిగితే పోలీసులొస్తారు, అదీ వాడి భయం. టీవీలో రోజూ అదే గోలాయె, కాగితాల్లేని వాళ్లని పట్టుకుని పంపించేస్తున్నారని.

"పిన్నీ, నువ్వే ఎట్టాగో ఆసుపత్రికి తీసుకురా, నేను సిస్టరుగారితో మాట్లాడతా" అంది డయానా.

తీసుకెళ్లా. షేరాటోలో నా కొంగు పట్టుకునే కూచుంది. చీటీలిచ్చే పిల్ల ఆధార్ కార్డడిగింది. లేదమ్మా అన్నా. "ఉండండి, లోపల అడిగొస్తా" అని లేచింది. చెడ్డపిల్లేం కాదు. సరిగ్గా అప్పుడే, ఎవరికో యాక్సిడెంటయితే ఆ కేసు మీద ఓ కానిస్టేబుల్ లోపలికొచ్చాడు. మా వంక చూడను కూడా చూళ్లేదు. ఈ పిల్ల ఆ ఖాకీబట్టలు చూసి నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే, గాజు పుటుక్కున విరిగింది. ఆపైన పరుగు. బందరు రోడ్డు మీద లారీల మధ్యన, ఆ కడుపేసుకుని.

చెరుకురసం బండి వెనకాల ముడుచుకుని దొరికింది. ఎంత బతిమాలినా మళ్లీ లోపలికి రాలేదు.

ఆ తర్వాత కొట్టుకీ రావటం మానేసింది. ఇంకో ఆమెని పంపేది. డయానా ఇచ్చిన రక్తం మాత్రలు చింతపండు పొట్లంలో పెట్టి పంపేదాన్ని. ఎండలు ముదిరాక ఓసారి దూరాన కనపడింది. కాళ్లు వాచిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. డయానాకి చెబితే కంగారుపడింది. "బీపీ అయ్యుంటది పిన్నీ. చూపించకపోతే గుర్రపువాతం కొడతది, ఫిట్సొచ్చి ప్రాణం మీదికొస్తది" అంది. నేనే మేస్త్రీ దగ్గరికెళ్లా. "మీ కొట్టు మీరు చూసుకోండి మామ్మగారూ" అన్నాడు, మర్యాదగానే.

వారం తిరక్కుండానే మిట్టమధ్యాన్నం ఆమె మొగుడు ఆమెని రెండు చేతుల మీదా ఎత్తుకుని కొట్టు ముందుకి పరిగెత్తుకొచ్చాడు. పళ్లు బిగుసుకుపోయినయ్. నోట్లో నురగ. ఒళ్లంతా కొట్టుకుంటంది. వెనకే మేస్త్రీ, "అంబులెన్సు వద్దు, మాకు తెలిసిన డాక్టరున్నాడు" అంటా. ఆ మొగుడు, అన్నాళ్లూ తలెత్తి మాట్లాడని మనిషి, మేస్త్రీ రొమ్ము మీద చెయ్యేసి తోసేశాడు. నేను 108కి ఫోన్ చేశా.

పోలీసుల భయానికి మొగుడు బండెక్కలేదు. లోపల నన్నడిగారు, ఏమవుతుందమ్మా నీకని.

"మా అమ్మాయి" అన్నా.

పేరు?

"మరియమ్మ."

మనకి ఆడపిల్ల పుడితే పెట్టుకుందామనుకున్న పేరయ్యా. ఇంకేం తోచలేదు. ఆమె పేరు నేనెప్పుడూ అడగనే లేదు, ఇదిగో అమ్మాయ్ అంటే సరిపోయేది.

బెజవాడ పెద్దాసుపత్రిలో ఎవ్వరూ కార్డడగలేదు. విన్నావా? ముందు మనిషిని లోపలికి తీసుకెళ్లారు. ఆపరేషన్ చేసి ఆడపిల్లని తీశారు. బతికింది, గట్టిగా ఏడ్చింది. తల్లికి మాత్రం తెలివి రాలేదు. నర్సులు ఒకరి తర్వాత ఒకరు చెంప తట్టి, "మరియమ్మా, కళ్లు తెరువు మరియమ్మా" అని పిలిచారు. నేనూ పిలిచా. రెప్ప కూడా కదల్లేదు.

మర్నాడు పోయింది.

డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "తల్లివి గదా, కాళ్లు అట్టా వాచినప్పుడన్నా తీసుకురావొద్దా?" అని కోప్పడింది. తల దించుకుని తల్లి తినాల్సిన తిట్లన్నీ తిన్నా. నా బతుక్కి ఒకళ్లు నన్ను తల్లీ అని తిట్టింది అప్పుడే.

ఈలోగా మేస్త్రీ జట్టు మొత్తాన్ని లారీ ఎక్కించి ఎటో పోయాడు. మొగుడొక్కడే ఎక్కడో దాక్కుని, చీకటి పడ్డాక ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చాడు. శవాన్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తెలీదు వాడికి. అందుకే ఇక్కడికి తెచ్చా.

"ఎవరమ్మా?" అన్నాడు అంతోని. నా కూతురన్నా. నాకు పిల్లల్లేరని వాడికి తెలీదూ? ఇంకో మాట అడక్కుండా పార తీసుకున్నాడు. మొగుడు గుంట పక్కన నిలబడి, రెండు చేతులూ ముందుకి చాపి, వాళ్ల ప్రార్థనేదో చేసుకున్నాడు. అయిందాకా అంతోని పార కింద పెట్టి నిలబడ్డాడు.

వాడి మూట విప్పితే నేను పంపిన మాత్రలన్నీ అందులోనే ఉన్నయ్. ఒక్కటీ మింగలేదు. అవి వేసుకుంటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుద్దని పక్కామె చెప్పిందంట. చింతపండు మాత్రం తినేది.

బిడ్డని నాకివ్వమని అడిగా. సిగ్గు విడిచే అడిగా. ఊళ్లో వాళ్లమ్మ ఉందన్నాడు. బెజవాడ స్టేషన్‌లో పాలడబ్బా చేతికిచ్చి రైలెక్కించా. ఆ రోజు నించీ వాడి ఫోన్ కలవటం లేదు. ఆ బిడ్డ ఉందో లేదో.

రైలు కదిలేముందు, వాడికొచ్చిన నాలుగు తెలుగు ముక్కల్లోనే చెప్పాడయ్యా. రోషనారా. అదీ ఆమె పేరు.

అప్పట్నించీ మధ్యాన్నమైతే చాలు, కొట్టు ముందు ఎవరో వేలు చూపిస్తున్నట్టే ఉంటది. మొన్న నిజంగానే, "ఏం కావాలి రోషనారా?" అన్నా. బీడీలకొచ్చిన ముసలాయన నా మొహంలోకి అదోలా చూశాడు.

ఆ ఒక్క ముక్క ముందే తెలిసుంటే ఆసుపత్రిలో అట్టా పిలిచేదాన్ని. లేచేదో లేదో. కనీసం వినేది.

నా చోటంటావా, పోనీలే, ఏదో ఒక మూల దొరక్కపోదు. శిలువ మీద మరియమ్మ అనే రాయించా, ఇంకోటి రాస్తే ఊరుకోరు. నువ్వు మాత్రం ఆ పేరుతో పలకరించమాక. ఎంత పిలిచినా పలకదు.