ఏసీ కారులో పరీక్ష

గల్ఫ్ యుద్ధం అయిన ఏడెనిమిదేళ్లకు, సౌదీలోని తబూక్‌లో ఒక గోధుమ పొలంలో నీళ్లు వదిలే మిషను తెర మీద మధ్యాహ్నమయ్యేసరికి గీతలు పడేవి, అంకెలు కనబడేవి కావు. దాన్ని నడిపే కూలీ గంగారామే పాడుచేశాడన్నాడు కఫీలు, అతన్ని వీసా మీద తెచ్చుకున్న యజమాని. బాగుచేయడానికి వచ్చిన ఆంధ్రా ఇంజనీరు ఆ తెరను బ్యాటరీతో సహా విప్పి, తన ఏసీ కారులో పెట్టుకొని చూశాడు.

“శుభ్రంగా ఉందయ్యా. నువ్వే ఏదో కెలికావని రాస్తున్నా.”

“అట్ల రాస్తే కఫీలు నన్ను ఇంటికి తోలేస్తడు సారూ. జర ఎండల పెట్టి చూడుండ్రి.”

“ఈ ఎండలోనా? నా వల్ల కాదు.”

“మీరు లోపట్నే కూసోండ్రి. నేను బయట పట్టుకొని నిలవడ్త, అద్దంలకెళ్లి చూడుండ్రి.”

పావుగంట నిలబడ్డాడు, అరచేతులు కాలుతున్నా.

“అగో, గీతలొచ్చినయ్! చూసిన్రా?”

“చూశాలే. లోపలికి తే, చల్లబడితే అవే పోతాయి. మిషనులో లోపం లేదనే రాస్తా.”

గంగారాంకు రోత పుట్టింది.

“అయితే గోధుమ గూడ మీ కార్లనే పండియ్యుండ్రి సారూ!”