సూదుల గది తాళంచెవి

అధ్యక్షస్థానంలో ఉన్న మా డైరెక్టర్ గారికి, నన్ను ఈ ఆసుపత్రిలో చేర్చుకున్న పెద్ద డాక్టరు గారికి, నర్సులకు, టెక్నీషియన్లకు, ముందువరసలో ఎన్నడూ లేనంత బుద్ధిగా కూర్చున్న మా మనవరాలికి నమస్కారం. ఇవాళ రిటైరవుతున్నాను కదా, పది నిమిషాలు మాట్లాడమన్నారు. వెనకవరసలో వాళ్ళు ఫోన్లు లోపల పెడితే ఐదు నిమిషాల్లోనే ముగిస్తాను. (నవ్వులు)

ఇందాక ఒకరు, "ఆ చెయ్యి ఇంకెవరికీ రాదు" అని నన్ను పొగిడారు. ఆ మాట నాకు నచ్చలేదు. నేను చేసే బ్రాకీథెరపీ అంటే ప్రోస్టేట్ గ్రంథిలోకి సన్నని సూదులు దింపి, వాటి గుండా రేడియేషన్‌ను క్యాన్సర్ కణితి దగ్గరికే చేర్చడం. చేసి నేర్చుకోవలసిన పని. రెండువారాల పోస్టింగుకు వచ్చిన పిల్లలు నా వెనక నిలబడి చూసి వెళ్ళిపోతే, గట్టున కూర్చుని ఈత నేర్చుకున్నట్టే.

అందుకే ఇంట్లో జెల్లీ కాచి, మధ్యలో ద్రాక్షపండు పెట్టి, గట్టిపడ్డాక మా జూనియర్ డాక్టరమ్మ చేత అందులోకి సూదులు దింపించేదాన్ని. ఒకరోజు ఫ్రిజ్ తెరిస్తే గిన్నె ఖాళీ. "అమ్మమ్మా, జెల్లీ బాగుంది గానీ పండులో గింజ తీయడం మర్చిపోయావు" అంది మా మనవరాలు. ఆ రోజు పాఠానికి ప్రోస్టేట్ లేదు. (నవ్వులు)

మొన్న డైరెక్టర్ గారు నన్ను పిలిచి, "మేడమ్, మీరు వెళ్ళాక ఆ సూదుల గది మూసేద్దామండీ. లెక్క మీకు తెలియనిదేముంది?" అన్నారు. తెలుసు. ఆ గదిలో ఉన్న మెషీన్‌లో రేడియేషన్ ఇచ్చే మూలకాన్ని రోగులు వచ్చినా రాకపోయినా మూడు నెలలకోసారి మార్చాలి. మత్తు డాక్టరు కావాలి, ఆపరేషన్ గది కావాలి. బయటినుంచి ఇచ్చే రేడియేషన్‌కైతే మనిషి ఇరవైసార్లు వస్తాడు, ఇరవై బిల్లులు. నా గదికి రెండుసార్లు వచ్చి తన దారిన తాను పోతాడు. ఈ లెక్క తప్పని నేననను. సగమే రాశారంటాను.

కిందటేడు ఒక బస్సు డ్రైవరు గారు వచ్చారు. "నెలరోజులు స్టీరింగు వదిలితే ఆ సీట్లో ఇంకోడు కూర్చుంటాడమ్మా. అప్పుడు జబ్బు తగ్గి మాత్రం ఏం చేసుకోను?" అన్నారు. ఈ వైద్యం అందరికీ సరిపోదు. ఆయనకు సరిపోయింది, చేశాం. ఇవాళ మీలో కొందరిని ఇక్కడికి తీసుకొచ్చిన బస్సు ఆయనదే. ఆయన పోగొట్టుకోని ఉద్యోగాన్ని మన లెక్కలో ఎక్కడ వేశారండీ, డైరెక్టర్ గారూ?

నాకు జీతం వద్దు. ఏడాదిపాటు వారానికి రెండు రోజులు వస్తాను. ఆ గది తెరిచి ఉండాలి. ఆ రెండు రోజులూ డాక్టరమ్మకు వేరే డ్యూటీ వేయకూడదు. ఏడాది తిరిగేసరికి ఆమె ఇంకొకరికి నేర్పగలగాలి. అదిగో, డైరెక్టర్ గారు తల ఊపారు. అందరూ చూశారుగా? (చప్పట్లు)

వెళ్ళేవాళ్ళు తాళంచెవి ఆఫీసులో అప్పగించాలని నియమం. నియమం తప్పడం నాకు అలవాటు లేదు. ఇవాళ ఒక్కసారికి తప్పుతాను. డాక్టరమ్మా, ఇలా రా. ఏడవకు, చెయ్యి చాపు. ఇదిగో, తీసుకో. సోమవారం పొద్దున్నే కేసుంది. మొదటి సూది నీది. ఈసారి వెనక నిలబడి చూసేది నేను.

ఇంత ఓపిగ్గా విన్నారు, సంతోషం. మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.