కారుకు నీడ

శంషాబాద్‌లో మధ్యాహ్నం గాలివానకు ఫణి ఇంటి ముందున్న చెట్టు కొమ్మ విరిగి కరెంటు తీగ మీద పడింది. వీధిలో కుర్మయ్య ఇంట్లో మాత్రమే ఫ్యాను తిరుగుతోంది. ఫణి తడుస్తూ వచ్చి గేటు తట్టాడు.

"బాబాయ్ గారూ, అమ్మ ఆక్సిజన్ మిషను ఆగిపోయింది. మీ ఇన్వర్టర్ నుంచి ఒక్క వైరు ఇవ్వండి."

"సిలిండర్ పెట్టుకోలేదా?"

"ఉంది. అరగంటకు మించి రాదు."

"నా పెండ్లాం సక్కుబాయికి గా అరగంట గూడ దొరకలె. నిరుడు గీ చెట్టు కొమ్మనే తీగలకు తాకి కరెంటు పోయింది, ఆమె మిషను ఆగి పానం ఇడిసింది. అంతకుముందు లైన్‌మన్ కొట్టనీకి వస్తె ఎవరు ఎల్లగొట్టిండ్రు?"

"కారుకు నీడ ఉంటుందని..."

"ఆమె పోయినంక గూడ కొట్టించలె నువ్వు."

ఫణి గేటు తీసుకుని లోపలికి వచ్చాడు.

"ఆమె పోయిన మూడోనాడు తెచ్చిన ఈ ఇన్వర్టర్. ఎవరి కోసం తెచ్చిన్నో నాకే తెల్వదు."

"మీ కాళ్లు పట్టుకుంటాను."

"నన్ను ముట్టకు. వానల వైరు గుంజితె ఇంకో పీనుగ లేస్తది. అమ్మను, మిషనును ఈడికే తే. సక్కుబాయి మంచం ఖాళీగనే ఉంది."

"మీ మేలు మరచిపోను."

"ఆమెను పండవెట్టి బయటికి పో. కరెంటు వచ్చేదాంక నీ కార్ల కూసో. నీడ మంచిగుంటది."