ఆరేదాకా డబ్బా తియ్యకూడదు

ఆ కుర్చీ కాదు, ఇటు కూర్చో తల్లీ, దానికి ఒక కాలు పొట్టి. నీ ఫోన్‌కి వెనక మూత ఊడింది, అంతే, ప్రాణమేం పోలేదు. చూశావుగా, స్పిరిట్‌తో తుడిచాను, నల్ల రబ్బరు జిగురు సన్నగా గీశాను, రబ్బరు బ్యాండ్లు వేశాను, దుమ్ము పడకుండా ఈ రేకు డబ్బా బోర్లించాను. ఆరేదాకా తియ్యకూడదు. ఏంటీ, సూపర్ గ్లూ అయితే చిటికెలో అయిపోయేదా? ఆ మాట మా బావ ముందు అనుంటే నీ ఫోన్ నీ చేతిలో పెట్టి గుమ్మం చూపించేవాడు. మా అక్క మొగుడు. ఈ కొట్టు ఆయనదే, ఈ డబ్బా కూడా ఆయనదే. కాస్త ముక్కుతో మాట్లాడేవాడు. “మళ్ళీ విప్పే వస్తువా, విప్పనిదా? అది చెప్పండి ముందు, జిగురు సంగతి నేను చూసుకుంటా” అనేవాడు. మూతకీ అద్దానికీ రబ్బరు జిగురు, వేడి తగిలితే మెత్తబడుతుంది, రేపు ఇంకొకడు విప్పుకోవచ్చు. లోపల స్క్రూ బిగించే ప్లాస్టిక్ దిమ్మె విరిగితే రెండు ట్యూబులు కలిపే గట్టి జిగురు. సూపర్ గ్లూ మాత్రం కొట్లోకి రానిచ్చేవాడు కాదు. అది కిందపడితే పటుక్కున విడిపోతుంది. పైగా దాని ఆవిరి, మూసి ఉంచావంటే, వేలు తగిలిన చోటల్లా తెల్లగా పట్టేస్తుంది. వేలి గీతలు ముగ్గేసినట్టు పైకి తేలతాయి. పోలీసులు దొంగల్ని ఇలాగే పట్టుకుంటారట అని నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడులే.

అక్క పోయింది. జ్వరమే, ఏదో జ్వరం. దాని బటన్ల ఫోన్ మిగిలింది, నల్లది, మూత వదులు. బావ దాన్ని ఈ బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశాడు. తరవాత బయటికెళ్ళి సూపర్ గ్లూ కొనుక్కొచ్చాడు. అదేంటి బావా అన్నాను. “దీన్ని ఇంకెవరూ విప్పక్కర్లేదురా” అన్నాడు. అలవాటు కదా, స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాడు, అంటించాడు, డబ్బా బోర్లించాడు. ఇద్దరం భోజనం చేసొచ్చి తీస్తే, వెనక మూత మీద ఒక బొటనవేలు. తెల్లగా. మధ్యలో ఏటవాలుగా కోత. అక్క చిన్నప్పుడు పాలపొడి డబ్బా మూతతో వేలు కోసుకుంది, ఆ కోతే అది. సరిగ్గా తుడవలేదేమో అన్నాను. “నేనా?” అన్నాడు. అంతే.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు ఎవరిదో ఫోన్ రిపేరుకి వచ్చింది, మన కొట్టు మెట్టు ఎప్పుడూ ఎక్కని మనిషిది. బావ దానికీ సూపర్ గ్లూ వేశాడు. డబ్బా తీస్తే అదే వేలు, అదే కోత. ఇంక చూడు, రేడియో వచ్చినా, కాలిక్యులేటర్ వచ్చినా అదే జిగురు. లెక్కల టీచరమ్మ ఫోన్‌లో బ్యాటరీ ఉబ్బితే మూత ఊడిరాక అద్దం రెండు ముక్కలైంది. “మీ బావకి మతిపోయిందా ఏంటయ్యా” అని వీధంతా వినేలా తిట్టి పోయింది. ఒక్కొక్కరే రావడం మానేశారు. కొట్టు పోతుంది బావా, ఆపు అని బతిమాలాను. “ఇంకే జిగురు వేసినా మీ అక్క రావట్లేదురా” అన్నాడు. నాకూ అక్కే కదా. భయం వేసేది, కానీ డబ్బా తీసేటప్పుడు నేనూ వంగి చూసేవాణ్ణి.

ఆయన బాధ ఇంకోటి. తుడిచాక తన వేలు కూడా మూత మీద నొక్కి, అప్పుడు బోర్లించేవాడు. అక్కది తేలేది, ఆయనది తేలేది కాదు. ఏళ్ళ తరబడి సోల్డరింగ్ కడ్డీ కాల్చి కాల్చి ఆ చూపుడువేలికి గీతలే లేవు, గోళీలా నున్నగా ఉండేది. “ఒక్కసారి దాని పక్కన పడనీరా, చాలు” అనేవాడు. పడలేదు. ఇందాక నిన్ను కూర్చోవద్దన్న ఆ కుర్చీలోనే పోయాడు, డబ్బా మీద చెయ్యి వేసుకుని. సూపర్ గ్లూ ట్యూబులన్నీ నేనే పారేశాను. అప్పట్నుంచి ఈ కొట్లో రబ్బరు జిగురే, దానికి ఆ తెల్లగా పట్టే ఆవిరీ ఉండదు, ఏమీ ఉండదు.

ఆ, ఆరుంటుంది. తీద్దాం.

నువ్వేమైనా ముట్టుకున్నావా తల్లీ? నీ బొటనవేలు చూపించు. కోత లేదు కదా. నేను వేసింది నల్ల జిగురే, నువ్వు చూశావు. దీని పక్కన చూడు, గుండ్రంగా ఇంకొకటి. గీతల్లేవు. నున్నగా ఉంది.

తుడవకు. అలాగే ఉంచు. అవునూ, మీ వీధిలో పొద్దున నీళ్ళు వచ్చాయా?