మదన్ మోహన్ మూసిన బజర్ నోరు

అస్గర్ హోటల్ల చాయ్ సల్లారినా సల్లారుతది గని మదన్ మోహన్ నోరు సల్లారదు. ఊళ్లె మోటర్లకు స్టార్టర్ డబ్బాలు బిగించుడు ఆయన పని. ఆ పని ముచ్చట చెప్పుడు అంతకన్న పెద్ద పని. ఆ పొద్దు ఎదురుంగ ఐస్ ఫ్యాక్టరీ ఫైజాన్ కూసున్నడు. మూల బల్ల కాడ పెర్సిస్ ఉన్నది. చర్చి రోడ్డు అవతల కోడిపిల్లలు పొదిగిచ్చే హ్యాచరీ ఆమెదే. ఇదివరకు మదన్ కాక కథలకు అందరికన్న ముందు నవ్వేది ఆమెనే.

"నా ప్యానెల్ల బజర్ ఒకటే తీరుగ మొత్తుకుంటుండె మదన్ భాయ్," అన్నడు ఫైజాన్. "కరెంట్ లీకైతుందని ఎర్రలైటు. చూస్తే ఏం లేదు. మిషన్లు మంచిగనే నడుస్తున్నయ్."

"గంతేనా? శివ్వంపేట మిల్లు ముచ్చట యాదికి తెచ్చుకో."

"చెప్పు చెప్పు," అన్నడు అస్గర్ చాయ్ వడపోస్తూ. "ఈసారి మిల్లు ఎంత పెద్దగైందో చూద్దాం."

మదన్ మోహన్ గ్లాసు పక్కన వెట్టిండు. "శివ్వంపేటల రైస్ మిల్లు. గిదే కత. బజర్ మోగుతది, మోటర్ బందైతది, మళ్ల ఏస్తే మళ్ల మోగుతది. పట్నం నుంచి ఇంజినీర్లు వచ్చి మీటర్లు వెట్టి నెత్తులు గోక్కున్నరు. నేను పోయి చెవి ఆనిచ్చిన. అబద్ధం మొత్తుకునే బజర్ గొంతు జర ముక్కులకెళ్లి వస్తది, నాకు ఎరుకే. స్క్రూడ్రైవర్ గూడ తియ్యలే. లీకును పసిగట్టే సెన్సర్ వైరు గిట్ల రెండేళ్లతోని వట్టి గుంజిన. ఖతం! మిల్లు గుర్రం లెక్క ఉరికింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?"

"పక్క సబ్‌స్టేషన్ పెద్దసారు ఉరికొచ్చి, 'మదన్ మోహన్ గారూ, మాది గూడ జర గుంజుండ్రి' అని చెయ్యి వట్టుకున్నడు. గుంజిన. ఆ ఊపుకు కరెంట్ ఎన్కకు మర్లి, మనోహరాబాద్ స్టేషన్ల నిలబడ్డ గూడ్స్ బండి డ్రైవర్ లేకుంటనే సిద్దిపేట దిక్కు నడిచింది!"

"అది డీజిల్ బండి గదా?"

"కరెంట్‌కు గదంత తెలుస్తదా అస్గర్ భాయ్, మధ్యల మాట్లాడకు. ఇగ రేగోడ్ పోయిన. మబ్బు వట్టి ఉరుముతుంది. ఉరుమంటే ఏంది? మీద మొత్తుకునే బజరే గద! కరెంట్ స్తంభం ఎక్కి దాని వైరు గూడ గుంజిన. ఆ వానకాలమంత రేగోడ్ల మెరుపులే మెరిసినయ్, సప్పుడు రాలే. నమ్మకుంటే పోయి అడుగుండ్రి!"

హోటలంత నవ్వింది. పెర్సిస్ నవ్వలేదు.

"నీ కథ యాదికొచ్చే భాయ్," అన్నడు ఫైజాన్ సంబురంగ, "పొద్దుగాల నేను గూడ గుంజే వచ్చిన. ఇప్పుడు ఎంత నిమ్మళం!"

పెర్సిస్ దిగ్గున లేసింది. "ఫైజాన్, ఫోన్ జెయ్. మెయిన్ బంద్ జెయ్యమను. ఇప్పుడే."

ఆమె మొఖం చూసి ఫైజాన్ మారు అడగలేదు. ఫోన్ చెవికి వెట్టిండు. మోగుతుంది, ఎవ్వలు ఎత్తుతలేరు.

"ఆ తర్వాత ఏమైందో నేను చెప్త కాకా," అన్నది పెర్సిస్. "పోయిన వానకాలం గీ బల్ల మీదనే నీ కథ విన్న. అప్పుడు దాంట్ల ఉరుము లేకుండె, మిల్లు దాంకనే ఉండె. నా బజర్ గూడ మోగుతుండె. ఒక్కొక్క మిషన్ బంద్ జేసుకుంట, ఏది బందైతే బజర్ ఆగుతుందో చూస్తే లీకు దొరుకుతుండె. నాకు తెల్వక గాదు. నీ కథ అల్కగ ఉండె. రెండేళ్లతోని గుంజిన. గోడకు పట్టిన చెమ్మ మెల్లగ హీటర్లకు దిగి, అవి సల్లవడ్డయ్. చెప్పెటందుకు బజర్ లేదు. మిషన్ తెరిస్తే, ముక్కులతోని పెంకుకు సగం పొక్క జేసుకున్న పిల్లలు గట్లనే ఆగిపోయి ఉన్నయ్. ఇంట్ల గూడ ఎవ్వలికి చెప్పలే."

అస్గర్ స్టవ్ తగ్గిచ్చిండు. ఫోన్ ఇంక మోగుతనే ఉన్నది.

"నాయి కోడిపిల్లలు కాకా. వీళ్ల దగ్గర మనుషులు నీళ్లల్ల నిలవడి ఐస్ తీస్తరు."

మదన్ మోహన్ చెయ్యి గాలిలనే ఉన్నది. వైరు ఇంక వట్టుకున్నట్టు రెండేళ్లు కలిసే ఉన్నయ్.

"ఎత్తిండ్రు!" అని అరిచిండు ఫైజాన్. "అరే, మెయిన్ బంద్ జెయ్! నీళ్లల్లకెళ్లి అందరు బయటికి రాండ్రి! అందరు!"

"అందరు ఉన్నరా?" అని అడిగిండు మదన్ మోహన్.

చెవికి ఫోన్ ఉంచుకునే, ఉన్నరని ఫైజాన్ తల ఊపిండు. అప్పుడు గని పెర్సిస్ కూసోలేదు. ఇదే మాట పోయిన వానకాలమే ఈ బల్ల మీద చెప్పి ఉంటే, ఇయ్యాల ఆ ఫోన్ గంతసేపు మోగేది కాదు గద, అనుకున్నది.

మదన్ మోహన్ సంచి భుజాన ఏసుకొని, పోయి ఫైజాన్ బండి ఎన్క కూసున్నడు. "ముందు ఏ వైరు గుంజినవో చూపియ్యి," అన్నడు. "అది అయినంక నన్ను శివ్వంపేటల దించు. ఆడ గూడ ఒక వైరు మళ్ల బిగియ్యాలె."

"శివ్వంపేటనా?" అస్గర్ గరిటె పట్టుకునే బయటికి వచ్చిండు. "ఏంది మదన్ భాయ్, ఆ మిల్లు నిజంగనే ఉన్నదా?"

మదన్ మోహన్ పెర్సిస్ దిక్కు చూడలేకపోయిండు.

"మిల్లు ఒక్కటే ఉన్నది," అన్నడు.