గట్టిపడ్డ కాళ్లు

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకు ఫిజియోథెరపీ చేసే గది అది. ఫిషింగ్ హార్బర్ దగ్గర నుంచి ఆటోలో వచ్చిన మామ్మ, మనవరాలు సాయిదుర్గని చాప మీద కూర్చోబెట్టింది. థెరపిస్టు పిల్ల పాదం చేతిలోకి తీసుకుంది.

"ఏం మామ్మా, వేసవి తరవాత మళ్లీ కనబడనే లేదు?"

"సముద్రంలో వేట ఆపిన రెండు నెలలూ ఇంటికాడే ఉన్నాడని మా కొడుకు ఎత్తుకొచ్చినాడు మేడం. బోట్లు తీసీగానే ఎల్లిపోనాడు. అయినా, ఇంకెందుకులే అనుకున్నాం."

"ఎందుకులే ఏంటి?"

"మీరే కదా సెప్పినారు! ఆకరిసారి ఇలాగే కాలట్టుకుని, సాయిదుర్గ కాళ్లు గట్టిపడ్డాయి అన్నారు. నాను వీధంతా సెప్పుకున్నాను. సెనగలు కూడా పంచినాను."

"అయ్యో మామ్మా. గట్టిపడ్డాయంటే బిగుసుకుపోయాయని. బలం వచ్చిందని కాదు."

"మరి మునేళ్ల మీద నిలబడతంది కదా! డాన్సరమ్మా అని అందరం ఏడిపిస్తన్నాం."

"మడమ కిందికి దిగట్లేదు. వెనక నరం పైకి లాగేస్తోంది. అందుకే అలా నిలబడుతోంది."

"అయితే ఇప్పుడు సాగదీయండి. ఏడిసినా నాను పట్టుకుంటాను."

"చూడండి, ఎంత నొక్కినా రావట్లేదు. ఇక ఇది నా చేతులతో అయ్యేది కాదు. ఆపరేషన్ కావాలేమో, పెద్దాసుపత్రిలో చూపించండి."

మామ్మ కాసేపు పిల్ల మడమనే నిమిరింది.

"బిగుసుకుపోనాయని ఆ రోజే అనుంటే, ఈ నొప్పి నడుంతోనే రోజూ సంకనేసుకొచ్చీదాన్ని కదమ్మా."